కీళ్ళ నొప్పులు – సొంత రక్తముతో సూది చికిత్స

పుష్య మాఘ మాసములు వచ్చుసరికి గుంటూరు, ప్రకాశం మైదానములలో మిరపచేలు ఎఱ్ఱబడును. అంతకు ముందే నల్లరేగడి నేలలలో ప్రత్తి తీత ఆరంభమై యుండును. తెల్లవారకముందే ఒడి కట్టుకొని చేనిలో దిగిన స్త్రీ ప్రొద్దు వాలువరకు నడుము వంచియే యుండును. కోసిన కాయ కల్లమునకు చేరిన పిదప తాలుకాయ ఏరుట, తొడిమ తీయుట అను పనులు మిగిలియుండును. అవి గంటల తరబడి గొంతుకూర్చుండి చేయవలసిన పనులు. గుంటూరు మిరపకాయ దేశదేశములకు పోవుచున్నది. ఎన్ని బస్తాలు వచ్చినవో, ఎంత ధర పలికినదో యార్డులో లెక్క కలదు. ఆ బస్తాల వెనుకనున్న మోకాళ్ళ లెక్క మాత్రము ఏ చిట్టాలోను ఎక్కదు.

నలుబదియైదు ఏండ్లు దాటిన పిమ్మట, ఈ కూలి చేసిన స్త్రీలలోను, అరక పట్టిన పురుషులలోను మోకాలి నొప్పి ఎరుగనివారు అరుదు. “మోకాళ్ళలో గుజ్జు అరిగిపోయినది” అని మన పల్లెలలో చెప్పుకొందురు. ఆ గుజ్జు తిరిగి వచ్చునా, శస్త్రచికిత్స లేకుండ నొప్పి పోవునా అను ప్రశ్న ఇంటింట ఉన్నది. ఇటీవలి కాలమున ఆ ప్రశ్నకు జవాబుగా ఒక క్రొత్త చికిత్స పేరు వినవచ్చుచున్నది. దానిని పొడి అక్షరములతో పి.ఆర్.పి. అనుచున్నారు. రోగి రక్తమునే తీసి, అందులోని ప్లేట్‌లెట్లను చిక్కపరచి, ఆ ద్రవమును మరల రోగి కీలులోనికే సూదితో ఎక్కించుట ఈ చికిత్స. ఒక్కొక్క సూదికి వేల రూపాయలు వ్యయమగుచున్నది. పంట అమ్మిన సొమ్ములో కొంత దీనికి పెట్టవచ్చునా అని ఆలోచించు కుటుంబములు ఉన్నవి. వారికి ఉపకరించునట్లు, ఈ చికిత్స వలన ఏమి జరుగును, ఏమి జరుగదు అను విషయమును మేము నేడు విన్నవింపదలచితిమి.

మొదట కీలు నిర్మాణమును కొంచెము తెలిసికొందము. మోకాలి దగ్గర తొడ ఎముక క్రింది కొన, పిక్క ఎముక పై కొన కలిసికొనుచున్నవి. ఆ రెండు కొనల మీద నున్నని, తెల్లని పొర కలదు. దానిని మృదులాస్థి అందురు. మన వారు గుజ్జు అనునది దీనినే. కీలు చుట్టును ఒక సంచి వంటి పొర ఉండి, లోపల జిగురు వంటి ద్రవమును ఊరించుచుండును. బండి ఇరుసునకు కందెన ఎట్టిదో, కీలునకు ఆ ద్రవము అట్టిది. వయస్సు, అధికమైన బరువు, పాత దెబ్బలు, వంశపారంపర్యము, ఏండ్ల తరబడి గొంతుకూర్చుండి చేయు పనులు – వీని వలన ఆ నున్నని పొర పలుచబడి, చిట్లి, గరుకుదేరును. ఎముక అంచులలో ముండ్ల వంటి పెరుగుదలలు వచ్చును. సంచి పొర వాచును.

ఇచ్చట రెండు విషయములు గమనింపదగినవి. మృదులాస్థికి రక్తనాళములు లేవు. కనుక చర్మమునకు తగిలిన గాయము మానినట్లు అది తనంతట తాను మానజాలదు. దానికి నరములు కూడ లేవు. కనుక నొప్పి ఆ పొరనుండి పుట్టునది కాదు. చుట్టునున్న సంచి పొర వాపునుండియు, ఎముకనుండియు పుట్టుచున్నది. ఈ కారణము చేతనే ఎక్సరేలో అరుగుదల ఎక్కువగా కనబడినవారు కొందరు సుఖముగా నడచుచుండగా, తక్కువగా కనబడినవారు కొందరు అడుగు వేయలేకున్నారు. అరుగుదల వేరు, నొప్పి వేరు. ఒకటి తగ్గకుండ రెండవది తగ్గవచ్చును.

కీలు నొప్పి యన్నంతనే అది అరుగుదలయే యని తలచుట పొరపాటు. ఉదయము లేవగానే రెండు చేతుల వ్రేళ్ళ కణుపులు వాచి, గంటకు పైగా బిగిసియుండిన, అది కీళ్ళవాతము కావచ్చును. ఆ వ్యాధిలో శరీర రక్షణ శక్తియే కీలు పొర మీద తిరుగబడుచున్నది. దానికి మెథోట్రెక్సేట్ అను మాత్ర ప్రధానమైన మందు. ఈ మందు వెనుక ఒక తెలుగువాని పేరు కలదని శ్రోతలు తెలిసికొందురు గాక. భీమవరమున 1895లో జన్మించి, అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో పనిచేసిన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందము 1940ల చివరి భాగమున ఫోలిక్ ఆమ్లమునకు విరుగుడు ద్రవ్యములను తయారుచేసినది. ఆ వంశమునకు చెందినదే మెథోట్రెక్సేట్. మొదట కాన్సరునకు వాడిన ఆ మందే పిదప కీళ్ళవాతమునకు ఆధారమైనది. అట్టి రోగికి మోకాలి సూదులు మూల చికిత్స కాజాలవు. సకాలమున మాత్ర మొదలుపెట్టకున్న కీళ్ళు వంకరలు పోవును.

మరియొక కారణము మన మెట్ట ప్రాంతములకు ప్రత్యేకమైనది. నాడు నెల్లూరు జిల్లాలో నుండి, 1970లో ప్రకాశం జిల్లాలో చేరిన దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతములలో భూగర్భ జలమున ఫ్లోరైడు మిక్కుటముగా ఉన్నది. అరకకు కట్టిన ఎద్దులు కాళ్ళు బిగిసి నడువలేకుండుటను రైతులు 1930లలో గమనించిరి. తరువాత మనుష్యులలోను అదే బిగువు కనబడినది. మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూటుకు చెందిన షార్ట్ మొదలగు వైద్యులు పరిశీలించి, ఇది నీటిలోని ఫ్లోరైడు వలన కలుగు వ్యాధియని 1937లో ప్రకటించిరి. మన దేశమున మనుష్యులలో ఫ్లోరోసిస్ వ్యాధిని మొదట గుర్తించినది ఈ నేల మీదనే. ఈ వ్యాధిలో వెన్నెముక బిగిసిపోవును, కీళ్ళ చుట్టునున్న బంధనములు సున్నము పట్టి గట్టిపడును. త్రాగునీటిలో లీటరునకు ఒకటిన్నర మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడు ఉండరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్ణయము. నీరు కాచినంత మాత్రమున ఫ్లోరైడు పోదు. నీరు ఇగిరినకొలది దాని పాలు ఇంకను చిక్కబడును. అట్టి గ్రామమువారికి కీళ్ళ నొప్పి వచ్చిన, మొదట పరీక్ష చేయించవలసినది బావి నీరు, బోరు నీరు. నీరు మార్చక సూదులు వేయించుకొనుట, కుండకు చిల్లి ఉండగా నీరు పోయుట వంటిది.

ఇక ఈ పి.ఆర్.పి. యనునది ఏమియో చూతము. మన రక్తములో ఎఱ్ఱ కణములు, తెల్ల కణములు కాక, మిక్కిలి చిన్నవైన ప్లేట్‌లెట్లు కలవు. ఆరోగ్యవంతుని రక్తమున ఒక ఘన మిల్లీమీటరునకు లక్షన్నర మొదలు నాలుగున్నర లక్షలవరకు ఇవి ఉండును. డెంగీ జ్వరము వచ్చినప్పుడు పడిపోవునవి ఇవియే గనుక వీని పేరు నేడు పల్లెలలో కూడ తెలిసినదే. రక్తము గడ్డకట్టుటలో వీని పాత్రను ఇటలీ దేశపు శాస్త్రజ్ఞుడు బిజొజెరో 1882లో వివరించెను. కొడవలి తగిలి వ్రేలు తెగినపుడు ఇవి అచ్చటికి చేరి రక్తమును ఆపును. అంతటితో వాని పని ముగియదు. వాని కడుపులోని చిన్న గింజలనుండి కొన్ని మాంసకృత్తులు వెలువడి, క్రొత్త కణములు పెరుగుటకును, గాయము మానుటకును ప్రేరేపించును. వానిని పెరుగుదల కారకములు అందురు.

రక్తనాళములు లేని మృదులాస్థికి ఈ కారకములను మనమే చేర్చిన ఎట్లుండును? ఈ ఆలోచనయే చికిత్సకు మూలము. ప్లేట్‌లెట్లను వేరుచేసి, అవి తగ్గిన రోగులకు ఎక్కించుట రక్త వైద్యులకు పూర్వమునుండి తెలిసినదే. దవడ ఎముక అతుకుటలో రోగి సొంత ప్లేట్‌లెట్లను వాడి, రాబర్ట్ మార్క్స్ అను అమెరికా దంతశస్త్ర వైద్యుడు మరికొందరితో కూడి 1998లో ఫలితములు ప్రకటించెను. తరువాత క్రీడాకారుల కండర గాయములకు, అటుపిమ్మట మోకాళ్ళకు ఈ పద్ధతి ప్రాకినది.

చేయు విధానము సులభముగానే కనబడును. ముంజేతి నరమునుండి కొంత రక్తము తీయుదురు. అది గడ్డకట్టకుండ మందు కలిపి, గొట్టములలో పోసి, వేగముగా తిరుగు యంత్రములో ఉంచుదురు. కల్లములో తూర్పారబట్టినపుడు బరువైన గింజ దగ్గరను, తేలికైన పొట్టు దూరమునను పడినట్లే, ఇచ్చట బరువైన ఎఱ్ఱ కణములు అడుగున చేరును, పసుపువన్నె గల ప్లాస్మా పైకి తేలును. ప్లేట్‌లెట్లు ఎక్కువగా ఉన్న భాగమును మాత్రము తీసికొని, మోకాలి లోనికి ఎక్కించుదురు. అందులో ప్లేట్‌లెట్లు మామూలు రక్తమునకంటె కొన్ని రెట్లు అధికముగా ఉండును. అంతయు ఒక పూటలో ముగియును. రోగి నడచియే ఇంటికి పోవచ్చును. రెండు మూడు దినములు నొప్పి, వాపు కొంత పెరుగుట సహజము.

ఐతే దీని వలన మేలు కలుగునా? ఈ ప్రశ్నకు బోర్డుల మీది మాటలు గాని, పొరుగువారి అనుభవము గాని సరియైన జవాబు కాజాలవు. మోకాలి నొప్పి ఒక నెల పెరుగును, ఒక నెల తగ్గును. నొప్పి భరింపరానిదైనప్పుడే మనము వైద్యుని యొద్దకు పోవుదుము. ఆ తరువాత అది కొంత తగ్గుట ఏ చికిత్స లేకున్నను జరుగవచ్చును. కనుకనే పరిశోధకులు రోగులను చీట్లు వేసినట్లు భాగములు చేసి, కొందరికి మందును, కొందరికి ఉత్త ఉప్పునీటిని, ఎవరికి ఏది యిచ్చినది తెలియనీయక ఎక్కించి, పోల్చి చూతురు.

అట్టి పరీక్ష ఒకటి మన దేశముననే చండీగఢ్ వైద్య విద్యా పరిశోధన సంస్థలో జరిగినది. దాని ఫలితములు 2013లో వెలువడినవి. రెండు మోకాళ్ళకు అరుగుదల గల 78 మంది అందులో పాల్గొనిరి. కొన్ని మోకాళ్ళకు ఒక సూది, కొన్నింటికి మూడు వారముల ఎడముతో రెండు సూదులు, కొన్నింటికి ఉప్పునీరు ఇచ్చిరి. ప్లేట్‌లెట్లు పొందినవారికి రెండు మూడు వారములలోనే మేలు కనబడినది. ఉప్పునీటివారికి అట్టి మేలు కలుగలేదు. ఒక సూది వలన కలిగిన మేలునకును, రెండు సూదుల మేలునకును భేదము కనబడలేదు. ఆరు నెలలు వచ్చుసరికి ఆ మేలు కొంచెము తగ్గుముఖము పట్టినది.

మరియొక పెద్ద పరీక్ష ఆస్ట్రేలియాలో జరిగి, 2021 నవంబరులో వెలువడినది. ఏబది ఏండ్లు నిండిన 288 మంది అందులో చేరిరి. వారమునకు ఒకటి చొప్పున మూడు సూదులు వేసి, పన్నెండు నెలలు గమనించిరి. పదింటికి కొలిచిన నొప్పి, ప్లేట్‌లెట్లు పొందినవారిలో 2.1 పాళ్ళు తగ్గినది; ఉప్పునీరు పొందినవారిలో 1.8 పాళ్ళు తగ్గినది. అనగా ఇద్దరికిని మేలు కలిగినది, కాని ఉప్పునీటికంటె ప్లేట్‌లెట్లు మిన్న కాలేదు. యంత్రముతో చిత్రములు తీసి మృదులాస్థిని కొలువగా, ఇరువురిలోను అది కొంచెము తరిగియే యున్నది. గుజ్జు పెరుగలేదు.

ఈ రెండు పరీక్షలకు పొంతన కుదురని కారణము లేకపోలేదు. ఈ ద్రవము కర్మాగారములో ఒకే పాళమున తయారై సీసాలలో వచ్చు మందు కాదు. రోగి రక్తమును బట్టియు, యంత్రమును బట్టియు, తెల్ల కణములను వడకట్టుటను బట్టియు దాని గుణము మారుచుండును. ఒకచోట ఇచ్చినది, మరియొకచోట ఇచ్చినది ఒకటే యని చెప్పుటకు వీలులేదు. ఈ కారణముననే అమెరికాలోని కీళ్ళవాత వైద్యుల సంఘము 2019లో మోకాలి అరుగుదలకు దీనిని వాడవద్దని గట్టిగా సలహా ఇచ్చినది. అదే దేశపు ఎముకల శస్త్రవైద్యుల సంఘము 2021లో, దీని వలన నొప్పి తగ్గవచ్చునని చెప్పుచు, ఆధారబలము పరిమితమని కూడ పేర్కొన్నది. పెద్దలలోనే ఏకాభిప్రాయము లేని విషయమిది.

దీనినుండి మనము గ్రహింపవలసినది ఏమి? ఈ చికిత్స మోసమని మేము చెప్పుట లేదు. తొలి దశలోను, మధ్య దశలోను అరుగుదల ఉన్న కొందరికి కొన్ని నెలల ఉపశమనము కలుగవచ్చును. సొంత రక్తమే గనుక తయారీ శుచిగా జరిగిన పెద్ద హాని లేదు. కాని “గుజ్జు మరల పెరుగును”, “ఇక శస్త్రచికిత్స ఎన్నటికి అక్కరలేదు” అను వాగ్దానములకు ఆధారము లేదు. ఎముకకు ఎముక రాసికొని, కాలు విల్లువలె వంగినవారికి దీని వలన ప్రయోజనము స్వల్పము. పొలము కుదువపెట్టియో, వడ్డీకి తెచ్చియో చేయించుకొనదగిన చికిత్స ఇది కాదు.

చేయించుకొనదలచినవారు ముందుగా వైద్యుని అడుగవలసిన మాటలు కొన్ని కలవు. నా నొప్పికి కారణము అరుగుదలయేనా? అది ఏ దశలో ఉన్నది? ఎన్ని సూదులు, మొత్తము వ్యయమెంత? మేలు కలుగనిచో తరువాత ఏమి? సూది వేయునది ఎముకల వైద్యుడేనా? ఈ ప్రశ్నలకు విసుగుకొనక జవాబు చెప్పు వైద్యుడే మంచి వైద్యుడు. ప్లేట్‌లెట్లు తక్కువగా ఉన్నవారు, ఒంట చీము గాని జ్వరము గాని ఉన్నవారు, కాన్సరునకు చికిత్స పొందుచున్నవారు దీనికి దూరముగా ఉండవలెను. గుండె జబ్బునకు రక్తము పలుచబరచు మాత్రలు వాడువారు ఆ సంగతి ముందే చెప్పవలెను. సూది కొరకు ఆ మాత్రలను తమంత తాము మానరాదు. సూది వేసిన పిదప కీలు ఎఱ్ఱబడి, వేడెక్కి, జ్వరము వచ్చినచో నాడే ఆసుపత్రికి పోవలెను. కీలులో క్రిమి చేరుట అరుదే గాని ఆలస్యము ప్రమాదకరము.

ఏ దేశపు వైద్య సంఘమును కాదనని చికిత్సలు వేరే కలవు. అవి చౌకయైనవి గనుక వానికి బోర్డులు లేవు. మొదటిది వ్యాయామము. తొడ ముందు కండరము బలముగా ఉన్న మోకాలి మీద భారము తగ్గును. కుర్చీమీదనో మంచము అంచుననో కూర్చుండి, ఒక కాలు నిటారుగా చాచి, పది అంకెలు లెక్కించువరకు నిలిపి, మెల్లగా దించవలెను. ఒక్కొక్క కాలికి పదిసార్లు, పూటకు ఒక పర్యాయము చాలును. చేలో రోజంతయు కష్టపడు మాకు వ్యాయామమెందుకని కొందరు అడుగుదురు. చేనిపనిలో మోకాలు వంగి నలుగును గాని, దానిని మోయు కండరము క్రమముగా బలపడదు. రెండు వేరు వేరు.

రెండవది బరువు. దేహము ఒక కిలో తగ్గిన, ప్రతి అడుగునందును మోకాలి మీది ఒత్తిడి నాలుగు కిలోలు తగ్గునని అమెరికాలో 2005లో జరిగిన పరిశోధన తెలిపినది. మూడవది పని తీరు. తొడిమ తీయువారు గొంతుకూర్చుండుటకు బదులు ఎత్తైన పీటమీదనో, బల్ల ముందు కుర్చీలోనో కూర్చుండిన మోకాలు అంతగా మడువనక్కరలేదు. అరగంటకొక పర్యాయము లేచి నాలుగు అడుగులు నడువవలెను. పని చేయించువారు ఒక పీట సమకూర్చుట పెద్ద వ్యయము కాదు. పది మంది మోకాళ్ళకు అది పది ఏండ్ల మేలు. మరుగుదొడ్డిలో ఎత్తుగా కూర్చుండు ఏర్పాటు, చేతికర్ర – వీనిని ముసలితనపు గురుతులని సిగ్గుపడరాదు.

నొప్పి మిక్కుటమైన దినములలో పైపూతగా డైక్లోఫెనాక్ జెల్ వాడుట మేలు. నొప్పి మాత్రలను వైద్యుని సలహా లేక నెలల తరబడి మ్రింగిన కడుపులో పుండ్లు పడును, మూత్రపిండములు చెడును. పేరులేని పొట్లములలో వచ్చు చూర్ణములందు స్టెరాయిడ్ కలిపియుండుట కద్దు. మొదట అద్భుతముగా పనిచేయుటయే వాని అపాయము. ఇవన్నియు చేసియు రాత్రి నిద్ర పట్టక, పది అడుగులు నడువలేని దశ వచ్చినచో కీలు మార్పిడి శస్త్రచికిత్సకు భయపడనక్కరలేదు. నొప్పితో మంచము పట్టి కండరములు ఎండిపోయిన పిదప చేయించుకొనుటకంటె, తగిన సమయమున చేయించుకొనుట మేలు.

ప్రత్తి గింజలు కొనునప్పుడు మన రైతు సంచిమీది బొమ్మ చూచి మోసపోడు; మొలక శాతమెంత, రసీదు ఇత్తురా అని అడుగును. మిరప అమ్మునప్పుడు తూకము తానే చూచుకొనును. తన దేహమునకు చికిత్స కొనునప్పుడు కూడ ఆ వివేకమే చాలును. కారణము తెలిసికొని, నీరు పరీక్షింపజేసి, పీట మార్చి, కాలు చాచి బలపరచుకొని, అటుపిమ్మట ఇంకను అవసరమనిపించిన, ఇంట సొమ్ము ఉన్నచో, ఫలితము నిశ్చయము కాదని ఎరిగి ఈ సూది చేయించుకొనవచ్చును. ఆ వరుసను తలక్రిందులు చేయకుండుటయే మేము కోరునది.